పంతులుగారిని ఆపొద్దు చెల్లీ!

చెల్లీ, నీ ఉత్తరం చదివాను. పిన్ని కూతురి పెళ్లికి ఫోటోలు నువ్వే తీయాలని ఇంటిల్లిపాదీ పట్టుబట్టారన్నావు. ఇంతవరకూ పూలూ, పిల్లలూ, గోదారి గట్టూ తప్ప తీసింది లేదు, ముహూర్తం వేళకి చెయ్యి వణికితే ఎలా అని అడిగావు. భయపడటంలో తప్పేం లేదు. అంత పెద్ద పని నీ చేతిలో పెట్టారు మరి. కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుందాం.

అన్నిటికన్నా ముందు నీ దగ్గర ఒక మాట తీసుకోవాలి. ఆ రోజు పీటల దగ్గర నీ నోటివెంట ‘ఒక్కసారి ఆగండి’, ‘ఇటు చూడండి’, ‘మళ్లీ కట్టండి’ అన్నవి రాకూడదు. ఈమధ్య ఏ పెళ్లికి వెళ్లినా ఇదే చూస్తున్నాం కదా. సూత్రం పట్టుకున్న పెళ్లికొడుకు చేతులు మధ్యలో ఆగిపోతాయి, పంతులుగారు మంత్రం ఆపుతారు, మేళం వాయిస్తూనే ఉంటుంది, పెళ్లికూతురేమో తలెత్తి కెమెరాకేసి నవ్వాలి. నాకు మనసొప్పదు తల్లీ. ఆ పిల్ల జీవితంలో ఆ నిమిషం ఆమెది, ఎదురుగా ఉన్న అబ్బాయిది. దాన్ని విరగ్గొట్టి తీసిన ఫోటో ఎంత బాగా వచ్చినా, ఆల్బమ్ తిప్పినప్పుడు ఆమెకి గుర్తొచ్చేది ఫోటోగ్రాఫర్ గొంతే. ఎవరినీ ఆపకుండా తీయాలంటే ఏది ఎప్పుడు జరుగుతుందో, ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో, ఎటు తిరిగి జరుగుతుందో నీకు ముందే తెలిసి ఉండాలి. నీ సన్నాహమంతా దీనికోసమే అనుకో.

మొదట ముహూర్తం సంగతి. కెమెరా పట్టిన కొత్తవాళ్లు చాలామంది తాళి కట్టేదే ముహూర్తం అనుకుని, దానికోసం బ్యాటరీలూ ఓపికా దాచుకుంటారు. శుభలేఖలో గంటలూ నిమిషాలూ వేసి రాస్తారే, మన తెలుగు హిందూ పెళ్లిళ్లలో చాలా ఇళ్లకి అది జీలకర్ర బెల్లం పెట్టే వేళ. అడ్డుతెరకి అటొకరూ ఇటొకరూ కూర్చుంటారు. పంతులుగారు గడియారం చూస్తూ ఉంటారు, వేళ కాగానే చెయ్యెత్తుతారు, గట్టిమేళం మోగుతుంది. తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద ఒకరి తల మీద ఒకరు పెట్టి అదిమిపట్టుకుంటారు. ఆ తర్వాత తెర దించుతారు. ఇద్దరి చూపులూ కలిసేది అప్పుడు. హాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి అక్షింతలు విసిరేదీ అప్పుడే. అంటే నీ ముందు జనం గోడ కట్టేది కూడా సరిగ్గా అప్పుడేనన్నమాట.

దీనికి మందు ఒక్కటే, పది నిమిషాల ముందే వెళ్లి చోటు పట్టుకోవడం. అందరూ తెరకి ఒకవైపు చేరి పెళ్లికూతురి ముఖాన్నే తీస్తారు. నువ్వు తెర అంచుకి ఎదురుగా కూర్చో. నిలబడకు, కూర్చో. అక్కడి నుంచి తెర సన్నటి గీతలా కనబడుతుంది, దానికి రెండు పక్కలా ఇద్దరూ ఒకే ఫ్రేములోకి వస్తారు. తెర దిగేటప్పుడు నువ్వు కదలక్కర్లేదు, ఎవర్నీ జరగమనక్కర్లేదు. కింద కూర్చున్నావు కాబట్టి నీ వెనక ఉన్న అమ్మమ్మలకీ అడ్డం కావు. ఆ చోటు ఎవరిదో ముందురోజే పంతులుగారిని అడుగు. అక్కడ పెళ్లికూతురి మేనమామ కూర్చునే ఆచారం ఉంటే ఆయన పక్కన కాస్త చోటు చేసిపెట్టమను.

పంతులుగారితో మాట్లాడటానికి మొహమాటపడకు. పెళ్లిలో నీకు అందరికన్నా ఎక్కువ సాయం చేయగలిగింది ఆయనే. కాళ్లు కడిగి కన్యాదానం ముందా, జీలకర్ర బెల్లం ముందా? మధుపర్కాలు కట్టుకు రావడానికి ఎంతసేపు ఇస్తారు? కాశీయాత్ర, ఎదురుకోళ్లు ఉన్నాయా? సన్నికల్లు తొక్కించి మెట్టెలు పెట్టడం మండపంలోనేనా? నాగవల్లి, సదస్యం ఆ రాత్రేనా, మర్నాడా? ఇంటింటికీ వరస మారుతుంది. కోస్తాలో చూసిన వరస తెలంగాణలో ఉండదు. అక్కడ ముందురోజుల్లో మైలపోలు, కోట్నం ఉంటాయి, తర్వాత బరాత్ ఉంటుంది, ఒడిబియ్యం ఉంటాయి. అక్కడా ఇక్కడా కూడా కులానికీ, ఊరికీ, ఒక్కోసారి ఒకే వీధిలో రెండిళ్లకీ తేడా ఉంటుంది. రేపెప్పుడైనా చర్చిలో పెళ్లి తీయాల్సి వస్తే పాస్టరుగారిని కూడా ఇలాగే ముందు కలువు, ప్రమాణాల సమయంలో ఫ్లాష్ వాడవచ్చో లేదో అడుగు. గుళ్లో పెళ్లయితే దేవస్థానం ఆఫీసులో కనుక్కో. తిరుమల ఆలయం లోపలికైతే కెమెరా తీసుకెళ్లనివ్వరు. ఇలాంటివి ఆ రోజు గుమ్మం దగ్గర తెలిస్తే ఏడుపొస్తుంది.

ఇక నాకు చాలా ఇష్టమైన సలహా చెప్తాను. పెళ్లికి వారం ముందు ఒక సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్లు. పిన్ని పెళ్లి ఆల్బమ్ తీయమను. ఆమె అత్తగారిది కూడా ఉంటే మరీ మంచిది. టీ తాగుతూ ఒక్కో పేజీ తిప్పుతూ అడుగు. ఈ పళ్లెం ఎవరు పట్టుకున్నారు, ఈవిడెందుకు పక్కన నిలబడింది, ఇదేం తంతు, ఈ తాతగారు ఎవరు? ఏ పుస్తకంలోనూ దొరకని ఆ ఇంటి పెళ్లి వరస నీకు ఆ రెండు గంటల్లో తెలిసిపోతుంది. ఇంకొకటి కూడా గమనించు. ఆ రోజుల్లో 120 రీలు వేసిన చదరపు ఫ్రేము కెమెరాలో పన్నెండు ఫోటోలే వచ్చేవి, చిన్న రీలులో ముప్ఫయ్యారు. అందుకే ఆ ఆల్బమ్‌లో ఫోటోలు తక్కువ. కానీ పిన్ని ఏ ఫోటో దగ్గర ఆగుతుందో చూడు. వరసగా నిలబెట్టి తీసినవాటిని చకచకా దాటేస్తుంది. ఎక్కడో మూల వాళ్ల నాన్నగారు కండువాతో కళ్లొత్తుకుంటున్నది దొరికితే వేలు అక్కడే ఉండిపోతుంది. రేపు నువ్వు ఏం తీయాలో నీకు అక్కడే తెలుస్తుంది.

హాలు కూడా చూసిరా. పెళ్లి జరిగే వేళకే వెళ్లు, ఇంకో వేళ వెళ్తే ఉపయోగం లేదు. రాత్రి ముహూర్తమైతే రాత్రే వెళ్లి, లైట్లన్నీ వేయించి, స్నేహితురాలిని పీట మీద కూర్చోబెట్టి తీసి చూడు. మండపం వెనక పెద్ద ఎల్ఈడీ తెర పెడుతున్నారేమో కనుక్కో. దాని వెలుగు చూసి కెమెరా మోసపోతుంది, ముందున్న ముఖాలు నల్లబడతాయి. ఫోటోలో అడ్డంగా చారలు కూడా రావచ్చు. చారలు కనిపిస్తే ఎలక్ట్రానిక్ షట్టర్ మానేసి మామూలు షట్టర్‌కి మారు, వేగం 1/100 దగ్గరికి తెచ్చి చూడు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కదా, చాలా లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి, ఆ వేగం దగ్గర చారలు సాధారణంగా తగ్గుతాయి. తెల్లటి సీలింగ్ ఉంటే ఫ్లాష్‌ని పైకి తిప్పి కొట్టు, వెలుగు మెత్తగా దిగుతుంది. షామియానా కిందైతే ఆ పని చేయకు. ఎర్రగుడ్డ మీద కొట్టి వచ్చిన వెలుగు ముఖాలకి ఆ ఎరుపే పులుముతుంది.

మధుపర్కాల దగ్గర ఒక చిక్కుంది, ఇది బాగా గుర్తుపెట్టుకో. ఎర్రంచు తెల్లచీర, పక్కన తెల్లపంచె. ఫ్రేమంతా తెలుపు నిండేసరికి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని తనంతట తానే తగ్గించేస్తుంది. చీర బూడిదరంగుకి తిరుగుతుంది, ముఖాలు చీకటవుతాయి. ఎక్స్‌పోజర్‌ని ఒకటి రెండు మెట్లు ప్లస్ వైపు జరిపి పెట్టుకో. నేనైతే ముఖం మీదే వెలుగు కొలవమంటాను. అలాగే హోమం దగ్గర పొగలోకి నేరుగా ఫ్లాష్ కొడితే తెల్లటి మబ్బు తప్ప ఏమీ మిగలదు. ఫ్లాష్ ఆపేసి, ఐఎస్‌వో 3200 దాకా పెంచు, 6400 అయినా పర్వాలేదు. కాస్త గరుకు వస్తుంది, రానీ. గరుకుగా ఉన్న ఫోటోని అందరూ చూస్తారు, కదిలిపోయినదాన్ని ఎవరూ చూడరు. లైట్ల చారల బెడద లేనిచోట, మనుషులు కదులుతున్నప్పుడు షట్టర్ 1/160కి తగ్గనివ్వకు.

లెన్సుల గురించి రాసిన పేరా చదివి నీ కంగారు అర్థమైంది. ఖరీదైనది కొనక్కర్లేదు. నీ దగ్గర 50 ఎం.ఎం. ఎఫ్1.8 ఉందన్నావు, చీకటి హాల్లో అది నీకు అండ. జనాన్నీ మండపాన్నీ కలిపి తీయడానికి 24-70 లాంటిది రోజువారీ అద్దెకి దొరుకుతుంది. రెండో కెమెరా బాడీ మాత్రం తప్పకుండా అద్దెకి తీసుకో, అప్పు చేసైనా సరే. ఒకటి మొరాయిస్తే రెండోది ఉండాలి. తెచ్చుకోగానే రెండింటి గడియారాలూ సెకనుతో సహా కలుపు. లేకపోతే తర్వాత ఫోటోలు వరస పెట్టేటప్పుడు తలంబ్రాలు కన్యాదానం కన్నా ముందు వస్తాయి.

ఇప్పుడు నా మనసుకి దగ్గరైన విషయానికొస్తాను, పెళ్లికూతురి గది. ఆ గదిలోకి నువ్వు వెళ్లగలవు. ఊళ్లో ఎంత పేరున్న ఫోటోగ్రాఫరైనా మగవాడైతే తలుపు దగ్గర ఆగాల్సిన చోటికి నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. ఇది ఈనాటి మాట కూడా కాదు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని చూసుకున్నది కెన్నీ-లెవిక్ అనే బ్రిటిష్ మహిళ. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు అక్కడికి వచ్చి కెమెరా ముందు కూర్చున్నారంటే, కెమెరా వెనక ఉన్నది కూడా ఆడమనిషి అన్న ధైర్యంతోనే కదా. ఆ ధైర్యమే నీ పిన్ని కూతురు నీ మీద పెట్టుకుంటోంది.

దాన్ని కాపాడాలి. నలుగు పెట్టేటప్పుడు, మంగళస్నానం చేయించేటప్పుడు తడిబట్టలతో ఉంటుంది పిల్ల. ఏవి తీయాలో, ఏవి వద్దో ముందే ఆమెతో ఒంటరిగా మాట్లాడు. వాళ్లమ్మ ముందు అడిగితే నిజం చెప్పదు. చేతుల మీద పసుపు, నలుగురు అత్తయ్యల గాజుల చేతులు, నీళ్లు పోసే చెంబు, నవ్వులు, ఇవి చాలు. పొరపాటున ఇబ్బందిగా ఉన్నది పడితే ఆ రాత్రే చెరిపెయ్. ఏ ఫోటో అయినా సరే, ఆమె సరేననకుండా స్టేటస్‌లో పెట్టకు. ‘మా ఫ్రెండ్స్‌కి ఒక్కటి పంపవా’ అని కజిన్లు ఎంత బతిమాలినా సరే.

ఆ గదిలో ఇంకో పని కూడా ఉంది. పూలజడ కట్టేటప్పుడు, బాసికం కట్టేటప్పుడు, బుగ్గచుక్క పెట్టేటప్పుడు అందరూ పెళ్లికూతురినే చూస్తుంటారు. నువ్వు అద్దంలోకి చూడు. వెనక ఆమె వాళ్లమ్మ ముఖం కనబడుతుంది. ఆ రోజు మళ్లీ ఆ తల్లి అంత నింపాదిగా కూతుర్ని చూసుకునే తీరిక దొరకదు, వంటలనీ, మగపెళ్లివారనీ, తాళాలనీ పరుగులే. ఆ ఫోటో నువ్వు తీయకపోతే ఇంకెవరూ తీయరు.

ఇంకొక మాట. ప్రతి పెళ్లిలోనూ పక్కన ఉండిపోయేవాళ్లు కొందరుంటారు. భర్త పోయిన అత్తయ్యో, పిన్నో స్తంభం పక్కనో, వెనక వరసలోనో కూర్చుంటుంది. ముత్తయిదువులు రండి అన్న పిలుపు వినగానే తనంతట తానే వెనక్కి జరుగుతుంది. ఆ ఆచారం నాకు నచ్చదు, నీకూ నచ్చదని తెలుసు, అయినా ఆ రోజు మండపంలో వాదన పెట్టుకునే హక్కు నీకు లేదు. నువ్వు చేయగలిగింది ఒకటుంది. పొద్దున్నే, సందడి మొదలవకముందే పెళ్లికూతురిని ఆవిడ పక్కన కూర్చోబెట్టి ఒక మంచి ఫోటో తీయి. మంచి వెలుగున్న కిటికీ దగ్గర, తీరిగ్గా. పెళ్లికూతురితో ముందే అనుకుంటే ఆ పిల్లే సంతోషంగా వస్తుంది. తాతయ్యలూ మామ్మలూ కూడా ఈ పొద్దుటి వేళకే. సాయంత్రానికి వాళ్లు అలసిపోతారు, కొంతమంది ముహూర్తం దాకా మెలకువగా ఉండలేరు. అందర్నీ నిలబెట్టి తీసే ఫోటోలన్నీ ఇలా ముందే కానిచ్చుకుంటే, పీటల దగ్గర ఎవరినీ పిలవాల్సిన పని ఉండదు.

సూత్రం కట్టేటప్పుడు తోపులాట గట్టిగా ఉంటుంది. వీడియో అబ్బాయిలు, సెల్‌ఫోన్లు పట్టుకున్న బావమరదులు, అందరూ ముడి మీదికే వంగుతారు. వీడియో అబ్బాయితో పొద్దున్నే స్నేహం చేసుకో. ‘తమ్ముడూ, నువ్వు ముడి తీసుకో, నేను ముఖం తీసుకుంటాను, నీకు నేను అడ్డం రాను’ అని చెప్పు. చాలామంది మంచివాళ్లే, ఎవరూ అలా అడగరు కాబట్టి తోసుకుంటారు. నువ్వు ఒక్కదానివే అయితే మొదటి ముడికి చేతులు తీసి, తక్షణం ఆమె ముఖం మీదికి వచ్చెయ్. రెండో ముడి, మూడో ముడి అక్కడే ఉండు. తల వంచుకుని, కళ్లు మూసుకుని, వెనక ఆడపడుచు జడ పట్టుకుంటే ఆ ముఖంలో కనబడేది ముడిలో కనబడదు.

తలంబ్రాలు మాత్రం హాయి. అక్కడ నువ్వూ నవ్వుతూ తీయొచ్చు. మొదటి దోసిలి ఇద్దరూ సిగ్గుపడుతూ పద్ధతిగా పోస్తారు. దానికి మురిసిపోయి ఆగిపోకు. నాలుగో దోసిలికో ఐదో దోసిలికో పంతం వస్తుంది, వెనకనుంచి స్నేహితులు ఎగదోస్తారు, ఇద్దరూ లేచి మోకాళ్ల మీద నిలబడతారు. షట్టర్ 1/500 పెట్టుకుంటే గాల్లో ఉన్న ప్రతి గింజా విడివిడిగా కనబడుతుంది. అంత వెలుగు లేకపోతే షట్టర్ వేగం తగ్గించి ఫ్లాష్ వెయ్, ఇక్కడ పర్వాలేదు. లెన్సుకి ముందు ఫిల్టరు బిగించుకో, ఈమధ్య బియ్యంలో థర్మోకోల్ పూసలు కూడా కలుపుతున్నారు, అవి ఎక్కడపడితే అక్కడ అతుక్కుంటాయి.

అప్పగింతల్లో దూరంగా ఉండు. అంతకుమించి చెప్పను. నీ అక్కచెల్లెలి అప్పగింతలు, నీకూ కన్నీళ్లొస్తాయి. తుడుచుకుని మళ్లీ తీయి.

మండపం మీద చెప్పులుండవు, హోమానికీ దంపతులకీ మధ్య నుంచి దాటకూడదు, పూజ సామాను మీదుగా కాలు వేయకూడదు. ఇవి నీకు తెలిసినవే. పట్టుచీర కట్టుకోమని పిన్ని అంటుంది, వద్దని చెప్పు. వంగి లేచి కూర్చోవడానికి వీలైన నూలు చుడీదార్ వేసుకో. మొదటి పంక్తిలోనే కూర్చుని భోంచెయ్, నీకోసం ఎవరూ ఆపి పెట్టరు. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా వేడి గాలిలోకి వస్తే, అందులోనూ మీ కోస్తా ఉక్కలో, లెన్సు మీద ఆవిరి కమ్ముకుంటుంది. కెమెరాని బ్యాగులోనే పెట్టి ఓ పావుగంట ముందు బయటికి తెచ్చి ఉంచు.

డబ్బు మాట కూడా చెప్తాను, ఆడపిల్లలం దీన్నే దాటేస్తాం. సొంతవాళ్ల పెళ్లి, తీసుకోవడానికి నీకు మనసు రాకపోవచ్చు. అద్దె కెమెరా, కార్డులు, ఆల్బమ్ ఖర్చు మాత్రం ఎవరు పెట్టుకుంటారో ముందే బాబాయితో మాట్లాడు. ఎన్ని ఫోటోలు, ఎన్ని రోజుల్లో ఇస్తావో కూడా చెప్పు. పెళ్లి ముగిసేసరికి అర్ధరాత్రయితే నిన్నూ, నీ సామాన్నీ ఇంటికి ఎవరు దింపుతారో అదీ ముందే ఖాయం చేసుకో.

ఒక్క సంగతిలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. ఫోటోలు సరిచేసేటప్పుడు పెళ్లికూతురి రంగు మార్చకు. పసుపు రాసుకున్న చామనచాయ మీద కల్యాణతిలకం ఎంత అందంగా ఉంటుందో నీ కళ్లతో చూశావు కదా, ఆ రంగే కాగితం మీదికి రావాలి. ‘కొంచెం తెల్లగా చేయమ్మా’ అని ఎవరో ఒకరు అడుగుతారు, ఖాయంగా. వెలుగు సరిచేస్తాను, రంగు మార్చను అని మెత్తగా చెప్పు. ఆ పిల్ల రేపు తన కూతురికి ఆ ఆల్బమ్ చూపించినప్పుడు అందులో ఉన్నది తనే అయి ఉండాలి.

ఇంటికొచ్చాక ఎంత నిద్ర ముంచుకొస్తున్నా కార్డుల్లో ఉన్నది రెండు చోట్ల కాపీ చేశాకే పడుకో. మూడో కాపీ మర్నాడు వేరే ఇంట్లో దాచు, అమ్మ వాళ్లింట్లో అయినా సరే. ఆల్బమ్ చేతికొచ్చేదాకా కార్డులు ఖాళీ చేయకు.

ముహూర్తం పగలో రాత్రో నువ్వు రాయనేలేదు. శ్రావణంలోనని మాత్రం తెలిసింది, అయితే వానకి కెమెరా కప్పడానికి ప్లాస్టిక్ తొడుగులు కొనిపెట్టుకో. రాత్రిదయితే వెంటనే రాయి, లైట్ల గురించి ఇంకా మాట్లాడుకోవాల్సింది ఉంది. పిన్ని ఆల్బమ్‌లో ఏం చూశావో కూడా రాయి, నాకు తెలుసుకోవాలని ఉంది.